రొట్టెల ఇల్లు వెలిగిన వేసవి

మా ఊళ్ళో పండుగ చెయ్యాలన్న ఆలోచన హిల్యాది. అది 1990, మే నెలాఖరు. నదిలో మంచు పగిలి కిందికి కొట్టుకుపోయి పది రోజులైంది. నేను లైబ్రరీ బస్సును సంఘం హాలు ముందు ఆపి పుస్తకాలు సర్దుకుంటుంటే ఆమె మెట్లెక్కి వచ్చింది. చేతిలో పుస్తకం బల్లమీద పడేసి, "రగ్నీ, జులైలో వారం రోజులు పండగ సేత్తన్నాం. నువ్వు కమిటీలో ఉన్నావు," అంది. అడగడం కాదు, చెప్పడం.

"ఏం పండుగ, హిల్యా అక్కా?"

"మన పండగ. మన పాట, మన తిండి, మనోళ్ళు నేసినవీ గీసినవీ, ఆల్గోత్ తీసే సినిమా. అవతలి ఒడ్డు ఫిన్లండ్ వాళ్ళని పిలుద్దాం. సముద్రం పక్క నార్వే వాళ్ళు ఫిడేళ్ళు పట్టుకుని వత్తామన్నారు. అందరూ ఓ ఇంటోళ్ళే. మజ్జిన గీతలు గీసింది రాజులు, మనం కాదు."

ఆమె మన భాషలోనే మాట్లాడింది. ఎవరితోనైనా అంతే, ఎదుటివాళ్ళు ఏ భాషలో జవాబిచ్చినా సరే. తోర్నె నదికి ఇటువైపు స్వీడన్లో ఉన్న మా ఊళ్ళు తరతరాలుగా మాట్లాడుకునే ఆ భాష ఫిన్నిష్‌కి చెల్లెలు. దానికి మేం పెట్టుకున్న పేరే 'మన భాష.' నేను స్వీడిష్‌లో జవాబిచ్చాను. మన భాష వింటే నాకు అంతా అర్థమవుతుంది. మాట్లాడబోతే మాత్రం నాలుక మడతపడుతుంది. నాన్న వలలు బాగుచేసుకుంటూ తనలో తాను గొణుక్కున్నది విని నేర్చుకున్న భాష అది. అమ్మ నాతో పుట్టినప్పటి నుంచీ స్వీడిష్ తప్ప మాట్లాడలేదు. నాన్న పోయాక మా ఇంట్లో ఆ గొణుగుడు కూడా లేదు. అమ్మా నేనూ, ఆమె పాఠ్యపుస్తకం లాంటి స్వీడిషూ.

హిల్యా మెట్లు దిగుతూ ఆగింది. "ఇంకో మాట. కమిటీలోకి ఎవరైనా రావొచ్చు. మీ అమ్మ తప్ప."

ఎందుకని నేను అడగలేదు. ఊరందరికీ తెలిసిన సంగతే. నేను పుట్టకముందు ఏడేళ్ళు అమ్మ పిల్లల హాస్టల్లో పనిచేసింది. అడవిలో దూరదూరంగా ఉన్న ఇళ్ళ పిల్లలు బడి కోసం వచ్చి చలికాలమంతా అక్కడే ఉండేవారు. అక్కడ స్వీడిష్ తప్ప మాట్లాడకూడదు. మన భాష నోటి నుంచి వస్తే గోడవైపు తిరిగి నిలబడాలి. నిలబెట్టే పని అమ్మది. హిల్యా ఏడేళ్ళప్పుడు ఆ హాస్టల్‌కి వచ్చింది.

*

జూన్ మధ్యకల్లా పండుగ పనులు ఊపందుకున్నాయి. ఆడవాళ్ళు అటకల మీది నుంచి, పాత బట్టలు చీల్చి నేసిన తివాచీలు దించి నదిలో ఉతికి కంచెల మీద ఆరేశారు. పాతికేళ్ళు స్కూలు బస్సు నడిపి రిటైరైన ఆల్గోత్ కొత్త వీడియో కెమెరా భుజాన వేసుకుని ముసలివాళ్ళ ఇళ్ళకి తిరగడం మొదలుపెట్టాడు. "బస్సెక్కినప్పుడు ఒక్కడూ నోరిప్పేవోడు కాదు. ఇప్పుడు నోరు మూయించలేక సత్తన్నాను," అనేవాడు.

రొట్టెల దగ్గరే మా పని ఆగిపోయింది.

బార్లీ రొట్టె లేని పండుగ మాకు పండుగ కాదు. కాగితమంత పల్చగా ఒత్తి, రాతి పొయ్యిలో నిమిషంలో కాల్చి తియ్యాలి. నది ఒడ్డున ఊరందరికీ ఉమ్మడిగా రొట్టెల ఇల్లు ఉంది. ఇరవై ఏళ్ళుగా ఎవరూ దాని పొయ్యి వెలిగించలేదు. ఆ పని తెలిసిన ఆడవాళ్ళలో అమ్మ ఒక్కతే మిగిలింది. ఆ సంగతి కమిటీలో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు.

మేం మూడు రోజులు కుస్తీ పట్టాం. మొదటి రొట్టె బొగ్గయింది. రెండోది పైన మాడి లోపల పచ్చిగా ఉంది. మూడోది, రొట్టెని పొయ్యిలోకి తోసే చెక్క పారకి అతుక్కుని ఊడిరానంది.

"దీన్ని బొమ్మల ప్రదర్శనలో పెట్టేద్దాం, హిల్యా," అన్నాడు ఆల్గోత్ ఆ పారని పైకెత్తి చూపిస్తూ. "పేరు నేను పెడతా. రొట్టె ఏడుపు."

"నీ మొహం. ఇంకో రెండు కట్టెలు ఎయ్యి."

"పొగ నల్లగా వస్తోంది," అని గుమ్మంలోంచి వినిపించింది.

అమ్మ. తలకి గుడ్డ కట్టుకుని, చేతికర్రతో నిలబడి ఉంది. మా వంటింటి కిటికీలోంచి ఆ పొగని మూడు రోజులుగా చూస్తోందని నాకు తెలుసు. వస్తుందని మాత్రం అనుకోలేదు.

"కట్టెలు తడివి. రాయి వేడెక్కలేదు, పైపై సెగ మాత్రమే ఉంది," అంది స్వీడిష్‌లో. ఎవరినీ చూడకుండా లోపలికి వచ్చి, చిటికెడు పిండి తీసి పొయ్యిలో రాతిమీద చల్లింది. పిండి తెల్లగానే ఉండిపోయింది. "ఇది నెమ్మదిగా ఎర్రబడాలి. అప్పుడు రొట్టె వెయ్యాలి."

అందరం హిల్యా వైపు చూశాం. ఆమె నుదుటి మీద పిండి, చెంపల మీద మసి. కాసేపు పొయ్యి వైపే చూసి, గొంతు సవరించుకుని, "మరి ఎంతసేపు కట్టెలు మండాలో మీరే సెప్పండి, హుల్దా ఆంటీ," అంది మన భాషలో. హాస్టల్లో పిల్లలందరూ అమ్మని అలాగే పిలిచేవారట.

అమ్మ ఆమెకేసి తిరిగి, "నాకు అర్థం కాలేదు," అంది.

స్వీడిష్‌లో, తిన్నగా, మెత్తగా. ఆ మాట నోరు దాటాక అమ్మ మొహం తెల్లబోయింది. పొయ్యిలో కట్టె ఒకటి చిటపటమంది. హిల్యా చేతిలో పారని గోడకి ఆనించి నిలబెట్టింది.

"నలభై ఏడేళ్ళయ్యింది," అంది. "ఇంకా అదే మాటా?"

ఆమె బయటికి వెళ్ళిపోయింది. కాసేపటికి అమ్మ కూడా. ఇద్దరూ చెరో దారినా నడిచిపోతుంటే మేం పిండి చేతులతో గుమ్మంలో నిలబడి చూశాం.

ఇంటికి వెళ్ళాక అడిగాను. "నీకు అర్థం కాకపోవడమేంటమ్మా?"

"అది నోటికి అలవాటైపోయింది," అంది. బంగాళాదుంపలు తొక్కతీస్తోంది. రెండు దుంపలయ్యాక కత్తి పక్కన పెట్టింది. "ఆ పిల్ల ఏడ్చిందా?"

"ఆ పిల్లకి యాభై నాలుగేళ్ళు."

"ఏడ్చిందా అని అడిగాను."

"చూడలేదు."

ఆ తర్వాత రెండు వారాలు మా ఇంట్లో అవసరమైన మాటలే నడిచాయి. కాఫీ అయిందా, పాలు తెచ్చావా, తలుపు వేశావా. అమ్మ కిటికీ దగ్గర కూర్చునేది. రొట్టెల ఇంటి నుంచి పొగ రాని రోజున మరీ ఎక్కువసేపు కూర్చునేది. నాకు కోపం వచ్చేది, జాలి వేసేది, ఏ పూట ఏది వస్తుందో తెలిసేది కాదు. హాస్టల్ గురించి అమ్మని నేను ఎప్పుడూ ఏమీ అడగలేదు. ఊళ్ళో వాళ్ళ చూపుల్ని బట్టి తెలుసుకున్నానే తప్ప ఆమె నోట వినలేదు. వినడానికి భయపడ్డాననుకుంటాను.

*

జులై మొదటి వారంలో ఒక పొద్దున అమ్మ చర్చికి వేసుకెళ్ళే నల్ల గౌను తొడుక్కుని వంటింట్లోకి వచ్చింది.

"ఆల్గోత్‌కి ఫోన్ చెయ్యి. కెమెరా తీసుకుని రమ్మను. తర్వాత నువ్వు నది దగ్గరికి వెళ్ళి పొగబెట్టిన చేప ఏమైనా ఉంటే తీసుకురా. తొందరపడకు."

ఆల్గోత్ వచ్చేసరికి అమ్మ కాఫీ కాచి, మా వైపు అలవాటు ప్రకారం కాఫీలో నానడానికి కప్పుల్లో జున్నుముక్కలు వేసి ఉంచింది. నేను చేపకోసం వెళ్ళి, చెప్పినట్టే తొందరపడకుండా గంటన్నర గట్టుమీద కూర్చుని వచ్చాను. వచ్చేసరికి ఆల్గోత్ మా వాకిట్లో తన వ్యానులో కూర్చుని ఉన్నాడు. ఇంజను వెయ్యలేదు. కళ్ళజోడు ఒళ్ళో ఉంది.

"ఏమంది, బాబాయ్?"

"పండగనాడు సూద్దువుగానిలే."

"హిల్యా అక్క వెయ్యనిస్తుందా?"

"ఇక్కడికొచ్చే ముందే ఆవిడకి సెప్పాను. ముందు సూత్తానంటే ఇత్తానన్నాను. వొద్దంది." కళ్ళజోడు పెట్టుకున్నాడు. "ఎయ్యమంది. తనుండదంట."

*

పండుగ మొదటి రోజు సాయంత్రం ఏడింటికి సినిమా. ఆ రోజుల్లో మాకు సూర్యుడు అస్తమించడు. హాలులో చీకటి లేదు. ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. చివరికి హిల్యాయే గోడలకి వేలాడదీసిన తివాచీలన్నీ తీయించి కిటికీలకి కొట్టించింది. ఎర్రవి, నీలివి, బూడిదరంగువి, ఎవరి ముత్తవ్వలో చీల్చి నేసినవి. వాటి సందుల్లోంచి వెలుతురు సన్నటి గీతలుగా జనం తలల మీద పడింది. ఫిన్లండ్ వాళ్ళు వంతెన దాటి రెండు బస్సుల్లో వచ్చారు. నార్వే వాళ్ళు ఎండుచేపలు పంచుతూ ముందు వరసలో కూర్చున్నారు. నేనూ అమ్మా మధ్యలో కూర్చున్నాం. అమ్మ పక్క కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. హిల్యా వెనక తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఉండనన్న మనిషి ఉంది.

తెరమీద ఒక్కొక్కరే వచ్చారు. దుంగల మీద నిలబడి నది దిగినవాడు, పదహారేళ్ళకి మంచుమీద ఒంటరిగా వల లాగిన ఆవిడ, పెళ్ళికి వెళ్తూ పడవలోంచి పడి పెళ్ళికొడుకు ప్యాంటు నదిపాలైన కథ చెప్పిన తొంభై ఏళ్ళాయన. హాలంతా కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. ఆ నవ్వు ఇంకా పూర్తిగా ఆగకముందే మా వంటిల్లు కనిపించింది. నల్ల గౌనులో అమ్మ.

తెరమీది అమ్మ ముందు స్వీడిష్‌లో, "నా పేరు హుల్దా," అంది. ఆగింది. తల అడ్డంగా ఊపింది. తర్వాత మొదలుపెట్టిన మాటలు నేను నా జన్మలో ఆమె నోట విననివి. గొంతు కూడా వేరు. కిందికి దిగింది, వయసు తగ్గింది.

"నా పేరు హుల్దా. ఆస్టల్లో ఏడేళ్ళు పని సేసినాను. ఓ సలికాలం ఏడేళ్ళ పిల్ల వచ్చింది, హిల్యా అని. వచ్చిన రోజు నా గౌను పట్టుకుని మన మాటలో అడిగింది, మా యమ్మ ఎప్పుడొత్తది అని. నాకు అర్థం కాలేదన్నాను. మర్నాడు అడిగింది. అర్థం కాలేదన్నాను. మూడు రోజులు అడిగి మానేసింది."

తెరమీద కెటిల్ ఆవిరి కక్కుతోంది. చాలాసేపు అదొక్కటే కదిలింది.

"నాకు అర్థమయ్యింది. అడిగిన ప్రెతిసారీ అర్థమయ్యింది. అట్టా సెయ్యమని సెప్పినోళ్ళున్నారు. ఆ పిల్లల మంచికేనన్నారు. నమ్మినాను. కానీ నోరు నాది. ఆ పిల్లలకి నేను సేసింది తప్పు. ఇంటికొచ్చి నా బిడ్డకీ అదే సేసినాను." తర్వాత కెమెరా వెనకున్న మనిషికేసి చూసి, "ఆపెయ్యి, ఆల్గోత్. కాఫీ సల్లారిపోతంది," అంది.

తెర నల్లబడింది. నా పక్కన అమ్మ సంచీమీద రెండు చేతులూ పెట్టుకుని తన బూట్లకేసి చూసుకుంటోంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. 'నా బిడ్డకీ' అన్న మాట నాలో ఇంకా దిగుతోంది. వెనక్కి తిరిగి చూశాను. తలుపు తెరిచి ఉంది. బయటి ఎండ గుమ్మంలో పరుచుకుంది. హిల్యా లేదు.

*

మర్నాడు తెల్లవారి అయిదింటికి అమ్మ నన్ను లేపింది. "రొట్టెలు రేపే కదా పంచేది? లే."

రొట్టెల ఇంటి నుంచి పొగ వస్తోంది. పల్చగా, తెల్లగా. లోపల హిల్యా ఒక్కతే ఉంది. పక్కన భూర్జ కట్టెలు, ఎండినవి, గోడెత్తు పేర్చి ఉన్నాయి. మమ్మల్ని చూసి కూడా ఆమె పొయ్యిలో నిప్పు సర్దుతూనే ఉంది.

"నేను మరిసిపోయాననుకోమాక," అంది వెనక్కి తిరక్కుండా.

"అనుకోలేదు," అంది అమ్మ. మన భాషలో.

హిల్యా ఇంకో కట్టె లోపలికి తోసింది. "మా యమ్మ క్రిస్మస్‌కి వచ్చింది. అప్పటిదాకా వత్తదని ఎవరూ సెప్పలేదు నాకు."

"తెలుసు. తలుపు తీసింది నేనే. నువ్వు మీ యమ్మ కాళ్ళకి సుట్టుకుని ఎంతసేపటికీ వదల్లేదు."

"నీకు గేపకముందా?"

"ఉంది. అన్నీ ఉన్నాయి."

నిప్పు సర్దడం అయ్యాక హిల్యా నిలబడి నడుం పట్టుకుంది. అమ్మని తేరిపార చూసింది. 'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందని నేను అప్పుడు గమనించాను. 'ఆంటీ' కూడా పోయింది. "పిండి కలిపాను. సరిపోయిందో లేదో సూడు, హుల్దా."

అమ్మ చేతికర్ర మూలన పెట్టి, గౌను చేతులు పైకి మడుచుకుని పిండిలో వేళ్ళు దించింది. "రాయిలాగుంది. దీన్ని నార్వేవోళ్ళ నెత్తిన పడేత్తే సచ్చూరుకుంటారు. మజ్జిగ పొయ్యి."

"ఎంత?"

"పోత్తా ఉండు. ఆపమన్నప్పుడు ఆపు."

పొద్దెక్కేదాకా ముగ్గురం పనిచేశాం. అమ్మ ఒత్తింది, హిల్యా కాల్చింది, నేను వేడి రొట్టెల్ని గుడ్డల మధ్య పేర్చాను. అమ్మ ఒత్తిన రొట్టె, గాట్లున్న అప్పడాల కర్ర కింద నుంచి గుండ్రంగా, పల్చగా, అవతలి వెలుతురు కనిపించేట్టు వచ్చేది. వాళ్ళిద్దరూ ఎక్కువ మాట్లాడుకోలేదు. నిప్పు తగ్గింది, ఆ పక్క తిప్పు, ఇది మాడిందే, నీ కళ్ళు మాడినయ్. అంతే. మధ్యలో మొదటి మంచి రొట్టె ఒకటి హిల్యా మూడు ముక్కలు చేసి వెన్న రాసింది. ముందు అమ్మకిచ్చింది.

ఆ వారం ఇంకా చాలా జరిగింది. నార్వే ఫిడేళ్ళకి మా ఆల్గోత్ అకార్డియన్ వాయిస్తే మొదటి రోజు కుక్కలు మొరిగాయి, మూడో రోజుకి జనం కూర్చోలేకపోయారు. నేను నేసిన చిన్న తివాచీ మీద ఒక ఫిన్లండ్ ముసలాయన వేలు పెట్టి, ఈ నీలం మా ఊరి నీలం అన్నాడు. చివరి రోజు సాయంత్రం సంఘం హాలు ముందు గడ్డిలో చేతులు పట్టుకుని గుండ్రంగా తిరిగే పాత ఆట ఆడారు. పాట పాడుతూ ఆడాలి. మూడు చరణాలయ్యాక అందరూ నోళ్ళు తెరిచి ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు.

"హుల్దా!" అని గుండ్రం అవతలి నుంచి హిల్యా కేక వేసింది. "తరవాతది ఏంటే?"

అమ్మ బెంచీ మీద కూర్చుని కాఫీ తాగుతోంది. కప్పు దించకుండానే చెప్పింది. ఆటవాళ్ళు ఒక పూట తిరిగేంత పాట ఉంది ఆమె దగ్గర. ఒక్కో చరణం ఆమె అందించడం, వాళ్ళు అందుకోవడం. ఒక చరణం కాస్త మోటుది, పెళ్ళికూతురి గురించి. అది విని మా పాస్టర్ గడ్డిమీదే ఆగిపోయాడు. అమ్మ నవ్వింది. డెబ్భై నాలుగేళ్ళ మా అమ్మ పళ్ళు కనిపించేలా నవ్వడం ఊరంతా చూసింది.

హిల్యా క్షమించానని ఎప్పుడూ అనలేదు. అమ్మ అడగలేదు. ఆ మరుసటి వారం నుంచి మాత్రం ప్రతి గురువారం హిల్యా మా ఇంటికి కాఫీకి వచ్చేది. ఇద్దరూ దేనిమీదో ఒకదానిమీద దెబ్బలాడుకునేవాళ్ళు. అమ్మ బతికిన మరో నాలుగేళ్ళు ఆ గురువారాలు ఒక్కటీ తప్పలేదు. హిల్యాకి నేను ఎంత రుణపడి ఉన్నానో ఒకసారి చెప్పబోయాను. "నోర్ముయ్. నీ కోసం సేయలేదు," అంది. నిజమే. అయినా నాకు దక్కింది.

ఆ ఆఖరి రోజు సాయంత్రం ఇంటికి వచ్చాక నేను గిన్నెలు తుడుస్తుంటే అమ్మ కప్పులు కడుగుతోంది. బయట నదిమీద ఎండ పసుప్పచ్చగా ఉంది. అమ్మ నాకు వీపు చేసి నిలబడి, మన భాషలో అంది:

"నీకు జోలపాట పాడలేదు నేను, సిన్నప్పుడు."

నాతో ఆ భాషలో ఆమె అన్న మొదటి మాట అది.

"పాడదామనే అనుకునేదాన్ని. నాకు స్వీడిష్‌లో ఒక్క జోల కూడా రాదు."

నాలుక మడతపడింది. అయినా మన భాషలోనే, తప్పో ఒప్పో, "ఇప్పుడు పాడించు," అన్నాను.

"'పాడించు' అన్నావు. 'పాడు' అనాలి." చేతిలో కప్పు కడిగి బోర్లించింది. "నలభై రెండేళ్ళ ముసల్దానికి జోలేంటే?"

"పాడు," అన్నాను. ఈసారి సరిగ్గా.

అమ్మ ఇంకో కప్పు అందుకుంది. కొళాయి కట్టేసింది. వీపు నావైపే ఉంచి, కిటికీలోంచి నదికేసి చూస్తూ పాడింది.